గోపురం పోయిన గంట: ధర్మశాల దేవదారుల మధ్య రాతి చర్చి

మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. బొబ్బిలిలో మా చర్చి గంట చాలా ఏళ్ళు మా నాన్నగారే కొట్టేవారు. ఆదివారం మొదటి గంట, అరగంట ఆగి రెండో గంట. ఎవరైనా పోతే ఆగి ఆగి ఒక్కొక్కటే కొట్టేవారు. ఆయన పోయాక అమ్మ మా దగ్గరికి, విజయనగరం వచ్చేసింది. అప్పటినుంచి పెళ్ళికీ పేరంటానికీ తప్ప ఎక్కడికీ కదిలింది లేదు. మొన్న దసరా సెలవుల్లో మంచు కొండలు చూపిస్తామంటే మొదట వద్దంది. అక్కడ అడవిలో ఒక పాత రాతి చర్చి ఉంది, దాని గంట గోపురంలో కాకుండా నేల మీద ఉంటుంది అని చెప్పాక, "నేల మీద గంటేటే? చూద్దాం పద" అంది. అలా బయల్దేరాం, అమ్మ, మా ఆయన, నేను.

వెళ్ళింది హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలకి. మన వైపు నుంచి అక్కడికి దారులు మూడున్నాయి. విశాఖలో విమానం ఎక్కి ఢిల్లీ, అక్కడినుంచి గగ్గల్‌లోని కాంగ్రా విమానాశ్రయం ఒకటి. డబ్బుకి లోటు లేనివాళ్ళకి అదే సుఖం, కానీ కొండల్లో మబ్బు పడితే ఆ చిన్న విమానాలు రద్దవుతుంటాయి. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజాముద్దీన్‌లో దిగి, ఢిల్లీ నుంచి రాత్రి వోల్వో బస్సు పట్టుకోవడం రెండోది. కుర్రాళ్ళకి బావుంటుంది. పెద్దవాళ్ళని రాత్రంతా ఘాట్ రోడ్డులో కూర్చోబెట్టడం నాకిష్టం లేకపోయింది. మేం మూడోది పట్టుకున్నాం. హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఎక్కితే మళ్ళీ రైలు మారక్కర్లేదు, తిన్నగా అమృత్‌సర్‌లోనే దిగొచ్చు. రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే, అందుకని తిరుగు టికెట్టు కూడా ముందే చూసుకోవాలి. రెండు రాత్రులు రైల్లోనే గడుస్తాయి. మేం చపాతీలు, పులిహోర, చింతకాయ పచ్చడి, అమ్మ కోసం చోడిపిండి, అంటే రాగిపిండి, కట్టుకున్నాం.

అమృత్‌సర్‌లో ఒక రాత్రి ఉండి, స్వర్ణ దేవాలయం చూసి, అక్కడ అందరికీ ఉచితంగా వడ్డించే లంగరులో భోజనం చేసి, మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకున్నాం. దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్లు. మాకు 4,500 అయింది. పఠాన్‌కోట్ నుంచి చిన్న రైల్లో వెళ్దామని మా ఆయన చాలా ఆశపడ్డారు. 1929లో వేసిన కాంగ్రా లోయ నారోగేజి లైను అది, జోగీందర్‌నగర్ దాకా 164 కిలోమీటర్లు. కానీ 2022 ఆగస్టు వరదల్లో చక్కి నది వంతెన కూలిపోయి పఠాన్‌కోట్ వైపు రాకపోకలు తెగిపోయాయి. దాన్ని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకుండా, బయల్దేరేముందు ఒకసారి కనుక్కోండి.

ధర్మశాల అంటే ఒక్క ఊరు కాదు, కింద ఒకటి, పైన ఒకటి. కింద బజారు, బస్టాండు, క్రికెట్ స్టేడియం. పైన, రెండు వేల మీటర్లకు కొంచెం పైచిలుకు ఎత్తులో మెక్లోడ్‌గంజ్, దలైలామా ఉండే చోటు. రెండిటికీ మధ్య, మెక్లోడ్‌గంజ్‌కి కాస్త దిగువన ఫోర్సిత్‌గంజ్ అనే చిన్న పేట ఉంది. రెండూ దొరల పేర్లే: మెక్లోడ్ అప్పటి పంజాబుకి లెఫ్టినెంట్ గవర్నరుగా చేసిన ఆయన, ఫోర్సిత్ కమిషనరు. చర్చి ఈ రెండు గంజ్‌ల మధ్య రోడ్డు పక్కన, దేవదారు చెట్ల నీడలో ఉంటుంది. దాని పేరు సెయింట్ జాన్ ఇన్ ద వైల్డర్‌నెస్. అరణ్యంలో బోధించిన బాప్తిస్మమిచ్చు యోహాను పేరు మీద కట్టింది.

బస దగ్గర మేం మొదట పొరపాటు చేశాం. ఫొటోల్లో కిటికీ నిండా మంచు కొండ కనబడేసరికి మెక్లోడ్‌గంజ్ చౌరస్తాకి దగ్గర్లో ఒక హోటల్లో గది తీసుకున్నాం, రాత్రికి 3,200. వెళ్ళి చూస్తే మాకిచ్చిన గది కిటికీ పక్క హోటలు గోడలోకి తెరుచుకుంది. కొండ కనపడే గది కావాలంటే ఇంకో వెయ్యి అన్నారు. వేడినీళ్ళు పొద్దున ఒక గంటే. గది వేడి చేసే హీటరుకి వేరే డబ్బు, అది కూడా డబ్బు కట్టేదాకా చెప్పలేదు. లిఫ్టు లేదు, అరవై మెట్లు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని ఎక్కింది. రాత్రి పన్నెండింటి దాకా కింద కార్ల హారన్లు. బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: ఎన్ని మెట్లు, వేడినీళ్ళు ఎన్ని గంటలు, హీటరుకి ఎంత. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ గది వద్దు.

మర్నాడే మారిపోయాం. ఫోర్సిత్‌గంజ్‌లో ఒక స్థానిక కుటుంబం ఇంటి మీద అంతస్తులో నాలుగు గదులు అద్దెకిస్తున్నారు. 1,800. గది చిన్నది, గోడలకి కర్ర పలకలు, మంచం మీద బరువైన రజాయి. ఇంటావిడ పొద్దున్నే ఆలూ పరాఠా, రాత్రి రాజ్మా అన్నం పెట్టేది. అమ్మకి చోడి అంబలి కాచుకోడానికి పొయ్యి ఇచ్చింది. అంబలి చూసి ఆవిడ తన పొరుగింటి టిబెటన్ ముసలామెని పిలుచుకొచ్చింది. ఆమె తన వంతుగా వేయించిన బార్లీ పిండి, సంపా అంటారు, వెన్న టీలో కలిపి ముద్ద చేసి అమ్మ చేతిలో పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. మా అమ్మ ఆ ముద్ద వాసన చూసి, "వేగిన చోడి వాసనే" అంది. టీవీ లేదు, రూమ్ సర్వీసు లేదు, వైఫై అప్పుడప్పుడూ పోయేది. అయినా ఆ ఇంటికే నేను ఎక్కువ మార్కులేస్తాను. ఎందుకంటే ఆ ఇంటినుంచి చర్చికి నడిచి వెళ్ళొచ్చు, మేం వచ్చిన పనే అది.

ఆ చర్చిని చాలామంది చూసే పద్ధతి నాకు బాధ కలిగించింది. టాక్సీ వాళ్ళు ఒక రోజులో పది చోట్లు చూపిస్తామంటారు. భాగ్సునాగ్, దాల్ సరస్సు, నడ్డి, చర్చి, టిబెటన్ గుడి, యుద్ధ స్మారకం, తేయాకు తోట, ఇలా. చర్చికి వచ్చేసరికి పావుగంట. మధ్యాహ్నం పన్నెండు దాటాక వస్తారు, కార్లన్నీ ఆ ఇరుకు రోడ్డు మీదే ఆగుతాయి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మేం కూడా మొదటి రోజు టాక్సీలో అలాగే వచ్చాం. గేటు దగ్గర జనం, లోపల జనం, బల్లల మీద నిలబడి సెల్ఫీలు. అమ్మ గంట దగ్గరికి వెళ్ళేలోపే డ్రైవరు హారన్ కొట్టాడు. రెండోసారి మాత్రం, ఇల్లు మారిన మర్నాడు, పొద్దున్నే నడిచి వెళ్ళాం. మీకు వీలైతే అలాగే వెళ్ళండి. టికెట్టేమీ లేదు. తలుపు ఎప్పుడు తీస్తారో ముందు రోజే అక్కడి మనిషిని అడిగి ఉంచుకుంటే చాలు.

ఆ పొద్దున మేం ముగ్గురమే. గేటు దాటగానే గాలి చల్లబడుతుంది, దేవదారుల కింద ఎండ అంతగా దిగదు. చెట్ల మధ్య బూడిద రంగు రాళ్ళతో, పైన మొనదేరిన కమానుల కిటికీలతో చర్చి నేలకి అణిగినట్టు కనిపిస్తుంది. కట్టింది 1852లో. దూరం నుంచి చూసేవాళ్ళకి ఏదో లోపం అనిపిస్తుంది. అది గోపురం. 1905 ఏప్రిల్ 4 పొద్దున ఆరున్నర కూడా కాకముందే కాంగ్రా లోయలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 7.8 అని లెక్కగట్టారు. ఇరవై వేల మంది దాకా పోయారు. కాంగ్రాలో వజ్రేశ్వరి అమ్మవారి గుడి నేలమట్టమైంది, తర్వాత మళ్ళీ కట్టుకున్నారు. కాంగ్రా కోట శిథిలమైంది. ఈ చర్చి గోడలు మాత్రం నిలిచాయి, గంట గోపురం కూలింది. చుట్టుపక్కల ఇళ్ళన్నీ పడిపోయి, ఆఫీసులు చాలా వరకు దిగువకి దించేశారు. మెక్లోడ్‌గంజ్ దాదాపు ఖాళీ అయింది. 1960లో దలైలామా వచ్చి స్థిరపడేదాకా అలాగే పడుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుని చూసినవాళ్ళం మనం. తెల్లారేసరికి చెట్టనేది లేకుండా పోయిన ఊళ్ళు చూశాం. మా వీధి చర్చి రేకులు ఎగిరి పక్క పొలంలో పడ్డాయి. గోడలు మిగిలి పైకప్పు పోయిన గుళ్ళో ఆ ఆదివారం గొడుగులు వేసుకుని ఆరాధన చేశాం. అందుకే ఆ గోపురం లేని చర్చి నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఇంక గంట. 1915లో లండన్‌లో మియర్స్ అండ్ స్టెయిన్‌బ్యాంక్ వాళ్ళు పోతపోసిన గంట అది. లండన్ బిగ్ బెన్ గంట పోసిన వైట్‌చాపెల్ కార్ఖానా వాళ్ళదే. అక్కడినుంచి ఓడలో తెచ్చి కొండ మీదికి చేర్చారు. గోపురం మళ్ళీ కట్టలేదు, గంట ఆవరణలోనే ఉండిపోయింది. మాది గంటస్తంభం ఊరు. విజయనగరంలో ఎవరికి దారి చెప్పినా గంటస్తంభం నుంచే మొదలుపెడతాం. 1885లో కట్టిన ఆ ఎనిమిది పలకల స్తంభం లేని మా ఊరిని ఊహించుకోలేను. గంటంటే తలెత్తి చూసేదే మాకు. ఇక్కడ కళ్ళకి ఎదురుగా ఉంది. అమ్మ దాని అంచు మీద చెయ్యి పెట్టి చుట్టూ ఒకసారి తిరిగింది. పాచి పట్టిన చోట కంచు ఆకుపచ్చగా ఉంది, అక్షరాలు ఉబ్బెత్తుగా వేలికి తగులుతున్నాయి. వేలిగోటితో మెల్లగా తట్టింది. చాలా సన్నగా, చెవికి ఆనించి వింటే తప్ప వినపడనంత శబ్దం. "మంచి లోహం. పగుల్లేదు" అంది. నాన్నగారు గంట తుడిచే రోజుల్లో తట్టి చూసేది అలాగే.

చర్చి వెనక లార్డ్ ఎల్గిన్ సమాధి ఉంది. రాతి దిమ్మె మీద స్తంభంలా లేచి ఉంటుంది. 1862 నుంచి మన దేశానికి వైస్రాయి. 1863 నవంబరు 20న ధర్మశాలలోనే పోయాడు. కులు వైపు కొండల్లో తాళ్ళ వంతెన దాటుతూ గుండె జబ్బున పడ్డాడని చెబుతారు. ఈ కొండలు తన స్కాట్లండులా ఉన్నాయని ఇష్టపడేవాడట. ఆయన చేసినవన్నీ మెచ్చుకోదగ్గవి కావు. 1860లో చైనాలో బీజింగు వేసవి మహలుని తగలబెట్టమన్నది ఆయనే. అంతకు ముందు, 1847 నుంచి 1854 దాకా కెనడాకి గవర్నర్ జనరల్. అక్కడ ఎన్నికైన వాళ్ళ మంత్రివర్గానికి అధికారం ఒప్పుకున్నాడు. ఆ మంత్రివర్గం తెచ్చిన తిరుగుబాటు నష్టపరిహారం బిల్లుకి ఆయన సంతకం చేసినందుకు 1849లో మాంట్రియల్‌లో అల్లరిమూకలు పార్లమెంటు భవనాన్నే కాల్చేశారు. ఆ ఏడే ఆ ఊళ్ళోనే పుట్టిన ఆయన కొడుకు 1894లో మళ్ళీ మన దేశానికి వైస్రాయిగా వచ్చాడు.

కెనడా మాట రాగానే అమ్మ దిమ్మె దగ్గరికి జరిగింది. మా బొబ్బిలి, పాలకొండ, పార్వతీపురం వైపు చర్చిలూ బళ్ళూ ఆస్పత్రులూ చాలా వరకు కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు పెట్టినవే. అమ్మ చదువుకున్నది వాళ్ళ బళ్ళోనే. "మన దొరల దేశానికి పెద్దన్నమాట" అని కాసేపు నిలబడింది. నేను ఆ చైనా సంగతి కూడా చెప్పాను. "మంచీ సెడ్డా రెండూ చేసినోడు, దేవుడు చూసుకుంటాడులే" అని చెప్పుల మీది ఆకులు దులుపుకుంది.

లోపల చర్చి చిన్నదే. కర్ర బల్లలు, గోడలకి ఇత్తడి పలకలు, చలువరాతి పలకలు. ఇరవై ఏళ్ళకీ, ముప్ఫై ఏళ్ళకీ పోయిన సైనికుల పేర్లు, పసిపిల్లల పేర్లు. వాటిని చదవడానికి తీరిక చేసుకోండి. బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీలు. బెల్జియం అద్దాలు, భర్త జ్ఞాపకంగా లేడీ ఎల్గిన్ ఇచ్చినవి. పొద్దున ఎండ ఆ వైపు చెట్ల సందులోంచి దూరి అద్దాల మీద పడేదాకా మేం కూర్చున్నాం. ముందు నీలం వెలిగింది. తర్వాత ఎరుపు. అది జరిగి జరిగి ముందు బల్ల మీదికి, అక్కడినుంచి అమ్మ ఒళ్ళోకి వచ్చింది. అమ్మ కట్టుకున్నది పొందూరు ఖద్దరు చీర, తెల్లది. మోకాలి మీద ఎర్రటి మరక ఒకటి నిలిచింది. అమ్మ చేత్తో తుడవబోయి, వెలుగని తెలిసి, చెయ్యి అందులోనే ఉంచేసింది. అంతసేపు అమ్మ కదలకుండా కూర్చోవడం నాన్నగారు పోయాక నేను చూడలేదు.

ఆదివారం ఆరాధనకీ వెళ్ళాం. అది ఉత్తర భారత సంఘం చర్చి, మాది బాప్టిస్టు. పద్ధతి కొంచెం వేరు, లేచి కూర్చోవడాలు ఎక్కువ. కొన్ని కుటుంబాలు, కొందరు విదేశీయులు, ఇద్దరు ముగ్గురు మాలాంటి వాళ్ళు. హిందీలో ఒక కీర్తన మొదలుపెట్టారు. రాగం మా రాగమే. అమ్మ గొంతు తగ్గించి తెలుగు మాటలతో పాడింది. పక్కనున్న పంజాబీ ఆవిడ తన పుస్తకం మూసేసి అమ్మ నోటి వైపు చూస్తూ హిందీలో అందుకుంది. ఆరాధన జరిగేటప్పుడు కూడా తలుపు దగ్గర సందర్శకులు ఫోన్లు పట్టుకుని తొంగిచూస్తున్నారు. దయచేసి అలా చెయ్యకండి. మన అరసవల్లిలో అర్చన జరుగుతుంటే మనం ఎలా నిలబడతామో అక్కడా అలాగే నిలబడితే చాలు.

మిగతా చోట్లు త్వరగా చెప్పేస్తాను. కింది ధర్మశాల నుంచి మెక్లోడ్‌గంజ్‌కి 2022లో రోప్‌వే వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది వరం, రోడ్డు ట్రాఫిక్కూ తప్పుతుంది. ఎక్కండి. దాల్ సరస్సు కోసం ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు. భాగ్సునాగ్ జలపాతానికి మెట్ల దారి, దారి పొడుగునా దుకాణాలు. అమ్మని గుడి దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం వెళ్ళొచ్చాం, నీళ్ళు తక్కువ, జనం ఎక్కువ. కాంగ్రా కోటకి మాత్రం సగం రోజు ఇవ్వాలి.

దలైలామా గుడి దగ్గర నేను ఇంకొంచెం ఆగాలి. అక్కడ తారాదేవి బొమ్మలు చూడగానే మా సాలిహుండం గుర్తొచ్చింది. వంశధార ఒడ్డున ఆ కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి, తార, మారీచి విగ్రహాలు అక్కడ దొరికాయి. మన జిల్లాల్లో పూజలు ఆగిపోయిన దేవత ఇక్కడ దీపాల మధ్య ఉంది. చలికాలం మన ఊళ్ళలో రోడ్డు పక్కన స్వెట్టర్లమ్మే టిబెటన్లని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాం. ఒడిశాలో మహేంద్రగిరి అవతల చంద్రగిరిలో వాళ్ళ కాలనీ కూడా ఉంది. గుడి మెట్ల దగ్గర ఒకాయనతో మా ఆయన విజయనగరం అనగానే "స్టేషన్ రోడ్, స్టేషన్ రోడ్" అని నవ్వాడు. మూడు చలికాలాలు మా ఊళ్ళో అమ్మాడట. టీ తాగించి డబ్బులు తీసుకోలేదు.

తిండికి ఇబ్బంది లేదు. తుక్పా అంటే వేడి చారులో సేమ్యాలా ఉంటుంది, చలికి హాయి. మాంసం లేకుండా చేయించుకోవచ్చు. మన భోజనం కోసం వెతకొద్దు, పచ్చడి సీసా వెంట ఉంటే ఏ అన్నమైనా దిగుతుంది. అక్టోబరు పగళ్ళు తేటగా ఉంటాయి, ధౌలాధార్ కొండలు పొద్దున్నే కనపడతాయి. సాయంత్రం ఆరు దాటితే మాత్రం శాలువా కాదు, స్వెట్టరే కావాలి. వర్షాకాలంలో వెళ్ళకండి, అక్కడ వాన మామూలు వాన కాదు, రోడ్లు జారిపోతాయి.

తిరుగు ప్రయాణం రోజు కారు చర్చి ముందు నుంచే వెళ్ళింది. ఆపమన్నాం. ఒకాయన చీపురుతో దేవదారు ఆకులు ఊడుస్తున్నాడు. అమ్మ కారు దిగకుండా అద్దంలోంచే చూసింది. రెండో రాత్రి రైల్లో, రాయగడ దాటాక, అందరూ పడుకున్నారనుకుంటే అమ్మ కింది బెర్తు నుంచి పిలిచింది.

"అమ్మీ, ఆ గంట మన బొబ్బిలి గంట కన్నా పెద్దదే కదా?"

"పెద్దదేనమ్మా."

"అదే అనుకుంటన్నాను. మీ నాన్న ఒక్క చేత్తో కొట్టలేకపోను" అని, రగ్గు గొంతు దాకా లాక్కుని అటు తిరిగి పడుకుంది.